ఊడ్చి చూపించిన గది

శుభ్రం చేసేవాళ్ళు వస్తున్నారని ముందురోజే అంతా ఊడ్చి పెట్టే మనుషులు లోకంలో ఉన్నారు. వాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. మేస్త్రి కథ విని కూడా మొదట నవ్వినవాళ్ళే ఎక్కువ. ఆ ఊడ్పు ఎవరి ఊపిరి మీదికి వచ్చిందో తెలిశాక మాత్రం నవ్విన నోరు మూసుకోవలసి వచ్చింది.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు. పళ్ళసెట్లు కట్టే మేస్త్రి. పళ్ళ డాక్టర్లు రోగి నోట్లో మెత్తటి ముద్ద పెట్టి కొరికించి, ఆ అచ్చును ఆయనకు పంపుతారు. ఆయన అందులో ప్లాస్టర్ పోసి దవడను దించుతాడు. దాని మీద మైనం పరిచి, పళ్ళు పేర్చి, చిగుళ్ళు పోసి, అరగదీసి, మెరుగుపెట్టి, మనిషి నోట్లో పెట్టుకునేలా చేసి వెనక్కి పంపుతాడు. ఆ చుట్టుపక్కల చాలామంది ముసలివాళ్ళ నవ్వు ఆయన చేతి చలవే. ఆయన పనికి వంక పెట్టినవాడు లేడు.

పని చేసే చోటుకే వంక. ల్యాబు అంటే పాత మేడ కింద వెనకవైపు ఉన్న గదులు. ముందుగదిలో బల్లలు. పక్కగదిలో పాలిష్ చక్రం. ఆ వెనక ప్లాస్టర్ బస్తాలు వేసే కొట్టు. ప్లాస్టర్ కలిపితే పొడి లేస్తుంది. దవడను అరగదీస్తే పొడి లేస్తుంది. సెట్టును చక్రానికి ఆనిస్తే చెప్పనే అక్కర్లేదు. కిటికీ కమ్మీల మీద, ఫ్యాను రెక్కల మీద, గోడగడియారం నెత్తిన, టీ గ్లాసు అంచున, అంతటా తెల్లటి పొడి. చక్రం గదిలో అయితే చిగుళ్ళ గులాబీరంగు కూడా అందులో కలిసేది.

"నా జుట్టు వయసుకు నెరిసిందో ప్లాస్టర్‌కు నెరిసిందో మా ఆయనకు కూడా తెలియట్లేదు," అనేది మైనం అక్క. మైనంలో పళ్ళు పేర్చే పని ఆవిడది. మేస్త్రి కంటే వయసులో పెద్దది. నోరు ఇంకా పెద్దది.

ఊడ్చడానికి అక్కడొక పద్ధతి ఉండేది. ఎవరి బల్ల వాళ్ళు ఊడ్చుకోవాలి. మేస్త్రి పెట్టిన పద్ధతే. "మన చెత్త మనం ఎత్తుకోవడానికి ఇంకొకళ్ళెందుకు?" అనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది. ఎవరి బల్ల వాళ్ళు ఊడ్చుకుంటే ఎవరిదీ కాని చోటు ఎవరు ఊడుస్తారు? అల్మరాల నెత్తిన, ఫ్యాన్ల మీద, చక్రం వెనక గూట్లో ఏళ్ళ తరబడి పేరుకున్నది అలాగే ఉండేది. ఫ్యాను వేసినప్పుడల్లా అది కిందికి దిగి అందరి ముక్కుల్లోకీ సమానంగా వెళ్ళేది.

సమానంగా అనడం తప్పు. పెద్ద వాటా చక్రం ముందు కూర్చునేవాడిది. అతను మేస్త్రి బావమరిది.

తల్లీ తండ్రీ పోయాక ఆ పిల్లవాణ్ణి అక్కే పెంచింది. కాపురానికి వచ్చేటప్పుడు పెట్టెతోపాటు తమ్ముణ్ణి కూడా తెచ్చుకుంది. "వీడికి ఒక పని నేర్పండి," అని మొగుడి చేతిలో పెట్టింది. మేస్త్రి నేర్పాడు. ఆ మాట కాదనకూడదు. బావమరిది చేతిలో మెరుగు అబ్బింది. అతను పాలిష్ పెట్టిన సెట్టు నాలుకకు తగిలితే సొంత పన్నే అనిపించేదని డాక్టర్లు చెప్పేవారు. మనిషి నిట్రాడంత పొడుగు. చక్రం ముందు కూర్చుంటే నడుం వంచి, ముఖం దాదాపు దానికి ఆనించి పని చేయాలి. వచ్చే పొడి ఎటు పోతుంది?

దగ్గు మెల్లగా వచ్చింది. మొదట పొద్దున్నే వచ్చేది. "బండి స్టార్ట్ అవడానికి కొంచెం టైం పడుతోంది బావా," అని నవ్వేవాడు. తర్వాత మధ్యాహ్నం కూడా వచ్చింది. తర్వాత మెట్లెక్కితే వచ్చింది. చివరికి అక్కే అతన్ని చెయ్యి పట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ డాక్టరు మొహమాటం లేని మనిషి. ఫోటో తీయించి, చూసి, "ఆ ధూళి ఆగాలి. గది బాగుచేయించుకుంటారో, ఇతను పని మానుకుంటాడో మీ ఇష్టం. రెండూ చేయకపోతే నా దగ్గరికి రావొద్దు," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య మేస్త్రిని కూర్చోబెట్టింది.

"ఊడ్చే మనిషిని కాదండీ పెట్టాల్సింది. అదే పనిగా చేసే కంపెనీవాళ్ళుంటారు. వాళ్ళకు దుమ్ము లాక్కునే మిషన్లుంటాయి. వారం వారం రావాలి. పైనా కిందా అంతా తుడవాలి."

"పెడతానే. నేనొద్దన్నానా?"

"ఇన్నాళ్ళూ పెట్టలేదు కూడా."

"రేపే ఫోన్ చేస్తా."

"వాడు ఆ పని మానేస్తే వాడికింకో పని రాదు. వచ్చేదల్లా మీరు నేర్పిందే. మీ చేతిలో పెట్టాను వాణ్ణి. గుర్తు పెట్టుకోండి."

మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు కంపెనీకి ఫోన్ చేశాడు. అటునుంచి సూపర్‌వైజరు మాట్లాడింది. గొంతు వింటే చిన్న వయసే, పనిలో మాత్రం గట్టిదని తెలుస్తూనే ఉంది.

"ముందు మేం వచ్చి చోటు చూడాలి సార్. చూసినదాన్ని బట్టి వారానికి ఎన్నిసార్లు రావాలో, ఏ మిషన్లు తేవాలో ప్లాన్ వేసిస్తాం. రేపు పొద్దున్న వస్తాను. ఒక్కటే మాట సార్. ఏదీ సర్దొద్దు. ఉన్నది ఉన్నట్టు ఉంచండి."

"ఆఁ, అలాగేనమ్మా," అన్నాడు మేస్త్రి.

ఫోన్ పెట్టేసి చుట్టూ చూశాడు. అన్నేళ్ళుగా చూస్తున్న గదినే. ఆ పూట మాత్రం పరాయి మనిషి కళ్ళతో చూశాడు. తల కొట్టేసినట్టయింది. గడియారం అంకెల మీద కూడా పొడి. తన బల్ల కింద ఎప్పటిదో విరిగిన దవడ. గూట్లో కుక్క పడుకోవడానికి పనికొచ్చేంత మెత్తగా పేరుకున్న గులాబీ బూడిద. జనం నోట్లో పెట్టుకునే వస్తువు ఇక్కడా తయారయ్యేది?

ఆ అమ్మాయి పళ్ళ డాక్టర్ల క్లినిక్కులకు కూడా వెళ్తుందేమో, ఒక్క మాట జారితే పని ఇచ్చేవాళ్ళు మానేస్తారేమో అని భయపడ్డానని తర్వాత ఆయన చెప్పుకున్నాడు. అది సాకు. సాకులు ఎప్పుడూ తర్వాతే దొరుకుతాయి. అసలు సంగతి సిగ్గు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని వాళ్ళమ్మ ఊరికే అనేది కాదు, చీపురు తిరగేసి వీపు మీద కొట్టి అనేది. ఎవరైనా వస్తున్నారంటే వాకిలి ఊడ్చిన వంశం. శుభ్రం చేసేవాళ్ళ ముందు మురికిగా కనబడటానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు.

"పని ఆపండి. అందరూ చీపుర్లు పట్టండి," అన్నాడు.

మైనం అక్క చేతిలో కత్తి అలాగే ఉంది. "రేపు కంపెనీవాళ్ళు వస్తున్నారన్నారు కదా మేస్త్రిగారూ?"

"అందుకే."

"ఊడ్చడానికి వచ్చేవాళ్ళ కోసం మనం ఊడ్చడమా? క్షవరానికి వెళ్తూ ఇంట్లోనే గుండు గీసుకున్నట్టుంది."

"ఎక్కువ మాట్లాడకు అక్కా. పరువనేది ఒకటుంటుంది."

"ఎవరింటి పెళ్ళివారొస్తున్నారో ఏంటో," అని ఆవిడ కొంగు ముక్కుకు చుట్టుకుంది.

కిటికీలు తెరిస్తే దుమ్ము సందులోకి పోయి వీధివాళ్ళు చూస్తారని మేస్త్రి తెరవనివ్వలేదు. నీళ్ళు చల్లితే ప్లాస్టర్ గడ్డకట్టి నేలకు పడుతుందని చల్లనివ్వలేదు. మూసిన గదుల్లో పొడి చీపుర్లతో ఊడ్చారు. కాసేపటికి ఒకరి ముఖం ఒకరికి కనిపించలేదు. కింద అయ్యాక పైన మిగిలింది. ఫ్యాన్లు, అల్మరాల నెత్తి.

"ఒరేయ్, నువ్వు పొడుగోడివి కదా. స్టూలెక్కు," అన్నాడు మేస్త్రి బావమరిదితో.

బావమరిది జేబురుమాలు తడిపి ముక్కుకు కట్టుకుంటున్నాడు. మైనం అక్క అడ్డం వచ్చింది. "ఆ అబ్బాయిని ఇంటికి పంపించండి. నేనెక్కుతా."

"నువ్వెక్కితే స్టూలుకు కూడా పళ్ళసెట్టు కట్టాలి," అన్నాడు మేస్త్రి.

అందరూ నవ్వారు. మైనం అక్క కూడా నవ్వింది. బావమరిది నవ్వుతూనే స్టూలెక్కాడు. ఆ ఒక్క జోకుతో పని జరిగిపోయింది. ఎక్కొద్దు అనడానికి అప్పుడు ఎవరికీ నోరు రాలేదు, నవ్విన నోరు కదా. ఫ్యాను రెక్క మీద గుడ్డ పెట్టగానే ఏళ్ళనాటి పొడి అతని తల మీద, కళ్ళలో, తడి రుమాలు మీద పడింది. దిగి, దగ్గి, మళ్ళీ ఎక్కాడు. మేస్త్రి స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. అదొక్కటే ఆయన చేసిన సాయం.

ఊడ్చిన పొడినంతా ఖాళీ బస్తాల్లోకి ఎత్తి వెనక కొట్టులో పడేసి తాళం వేశాడు. చీకటి పడకముందే గదులు మెరిసిపోయాయి. మేస్త్రి గడప దగ్గర నిలబడి చూసుకున్నాడు. వాళ్ళమ్మ చూస్తే మెచ్చుకునేది.

మర్నాడు సూపర్‌వైజరు వచ్చింది. నీలం చొక్కా, చేతిలో కాగితాలు బిగించిన అట్ట, జేబులో కలం. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. లోపలికి వచ్చి తలుపు పైచెక్క మీద వేలితో రాసి చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది.

"నిన్న తుడిచారా సార్?"

అడిగిన తీరులో తప్పుపట్టడం లేదు. అవును అన్నా పోయేది లేదు. నవ్వి ఊరుకునేది. ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూసి ఉంటుంది.

"లేదమ్మా. మేం రోజూ ఇలాగే ఉంచుకుంటాం," అన్నాడు మేస్త్రి.

మైనం అక్క తల వంచుకుని పళ్ళు పేర్చుకుంటోంది. ఆవిడ తల వంచుకుని పని చేయడం ఆ గదిలో అదే మొదటిసారి.

సూపర్‌వైజరు అల్మరాల మీద చూసింది. చక్రం వెనక గూట్లో చూసింది. కొట్టు తలుపు దగ్గరికి వెళ్ళి తాళం చూసి ఆగింది. "ఇదేంటి సార్?"

"ఏమీ లేదు. పాత సామాను. తాళంచెవి ఎక్కడో పడిపోయింది."

తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంది. చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది.

ఆమె అట్ట మీద ఏదో రాసుకుని, "ఒకటి అడగాలి సార్. ఇలాంటి పొడి పని ఉన్నచోట తప్పకుండా అడుగుతాం," అంది. "ఇక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరికైనా దగ్గు గానీ ఆయాసం గానీ ఉందా? ఉంటే ప్లాన్ వేరే. మామూలు మిషను సరిపోదు, సన్న పొడిని కూడా పట్టేసే మిషను తేవాలి, వారం వారం గోడలతో సహా చేయాలి. మా వాళ్ళు కూడా వేరే మాస్కులతో రావాలి."

భార్య కోరుకున్నది అదే. అంతకు మించి అడగాల్సింది లేదు. నోరు తెరిచి ఉంది అంటే చాలు. కానీ ఉంది అంటే, రోజూ ఇలాగే ఉంచుకునే గదిలో దగ్గు ఎందుకొచ్చిందని ఆమె అడుగుతుంది. మొదటి అబద్ధం రెండోదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఎవరికీ లేదమ్మా. అందరం రాళ్ళలా ఉన్నాం."

బావమరిది చక్రం గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రంతా దగ్గి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ మాట వినగానే అతను బావ వైపు చూడలేదు. నేల చూశాడు. సరిగ్గా అప్పుడే అతనికి దగ్గు పొంగుకొచ్చింది. పెదాలు బిగించాడు. మెడ నరాలు లేచాయి. ముఖం కందగడ్డలా అయింది. ఒక చేత్తో గుమ్మం పట్టుకుని, ఇంకో చేత్తో రొమ్ము నొక్కుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజరు అట్ట మీద రాసుకుంటోంది. మేస్త్రి చూశాడు. చూసి, ఆమె అటు తిరగకుండా తన బల్ల వైపు నడిపించాడు. "ఇదిగో, ఈ కిటికీ చూడండమ్మా. ఇక్కడ ఎండ బాగా వస్తుంది."

బావమరిది పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కుళాయి పూర్తిగా తిప్పాడు. నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ చప్పుడు కింద ఏముందో గదిలో ఒక్కరికి తప్ప అందరికీ తెలుసు.

"ఇంత శుభ్రంగా ఉంచుకుంటే మా పని తేలిక సార్," అని నవ్వి వెళ్ళిపోయింది ఆమె.

బావమరిది ముఖం కడుక్కుని వచ్చాడు. మేస్త్రికి ఏదో ఒకటి అనాలనిపించింది.

"అలా చెప్పకపోతే ఏమనుకుంటుందిరా?"

"అవును బావా."

అంతే అన్నాడు. వెళ్ళి చక్రం ముందు కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ప్లాన్ వచ్చింది. వారంలో రెండు పూటలు నేల తడిగుడ్డ, నెలకోసారి కిటికీ అద్దాలు. మిషను లేదు. గోడలు లేవు. ఇంటికి వెళ్ళి భార్యతో చెప్పాడు. "వాళ్ళు వచ్చారు. అంతా చూశారు. ఇంతే చాలన్నారు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మొత్తం కలిపితే అంతా అబద్ధమే.

"అంతేనా?" అంది ఆవిడ.

"వాళ్ళకు తెలియదా? అదే పని కదా వాళ్ళకు."

ఆవిడ నమ్మింది. పని తెలిసినవాళ్ళు చూసి చెప్పారంటే ఎందుకు నమ్మదు?

కంపెనీ నుంచి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చేవాళ్ళు. మంచి పనివాళ్ళు. ప్లాన్‌లో ఉన్నది వంక లేకుండా చేసేవాళ్ళు. నేల అద్దంలా ఉండేది. గాలి మాత్రం ఎప్పటిలాగే ఉండేది. వాళ్ళు వెళ్ళిన మర్నాటికే పైనుంచి తెల్లగా దిగేది. "పైన పటారం లోన లొటారం అంటారు. మనది కింద పటారం పైన లొటారం," అంది మైనం అక్క. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చెప్పడానికి మేస్త్రికి దారులు లేక కాదు. ఆ మొగుడూ పెళ్ళాలతో ఒక్క మాట అంటే చాలు, కంపెనీకి చేరుతుంది. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఈరోజు చెబుతానని అనుకునేవాడు. చెప్పాలంటే మొదటిరోజు మాట మింగాలి. మింగలేక, కక్కలేక, ఇంకో పని మొదలుపెట్టాడు. వాళ్ళు వచ్చే పొద్దున్నే తనే ముందుగా వచ్చి, వాళ్ళ కళ్ళకు ఆనేంత ఎత్తు వరకు గుడ్డతో తుడిచేవాడు. అంతకు పైన వదిలేసేవాడు. వాళ్ళిద్దరూ పొట్టివాళ్ళు.

ఒక మధ్యాహ్నం ప్లాస్టర్ బస్తా వచ్చింది. బావమరిది భుజానికెత్తుకుని గుమ్మం దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. బస్తా దించి దాని మీదే కూర్చున్నాడు. దగ్గు రాలేదు. దగ్గడానికి కూడా లోపల గాలి లేదు. పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. ఆ పూట భార్య క్యారేజీ పట్టుకుని వచ్చింది. తమ్ముణ్ణి చూసి క్యారేజీ అక్కడే వదిలేసింది. ఆటో పిలిచింది. మేస్త్రి ఎక్కబోతే, "మీరు పని చూసుకోండి," అంది. కోపంతో కాదు. అప్పటికి ఆవిడకు ఇంకా ఏమీ తెలియదు. నిజంగానే పని చూసుకోమంది.

ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు ఆవిడను అడిగాడు. "గది బాగుచేయించమన్నాను కదమ్మా?"

"చేయించామండీ. కంపెనీవాళ్ళు వస్తున్నారు."

"ఏం చేస్తున్నారు?"

ఆవిడ చెప్పింది. నేల, తడిగుడ్డ, కిటికీలు. డాక్టరు కలం మూసి పక్కన పెట్టాడు. "ఇతను ఊపిరి పీల్చేది నేల మీద పడుకునా?"

ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి కడిగేసింది. ఊపిరాడని మనిషి ఉన్నచోట తడిగుడ్డ సరిపోతుందని ఎవరు చెప్పారంది. "నేనే వస్తానమ్మా. మీరు కూడా అక్కడ ఉండండి," అంది సూపర్‌వైజరు.

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక పొద్దున్న అందరూ ల్యాబులో కూడారు. అతను రానక్కర్లేదు. ఇంట్లో కూర్చుంటే తోచడం లేదని వచ్చి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు. మేస్త్రి ఆ రోజు గుడ్డ పట్టలేదు. భార్య ముందే చెప్పింది, ఏదీ ముట్టుకోవద్దని. గడియారం మీద పొడి, ఫ్యాను మీద పొడి, గూట్లో గులాబీ బూడిద, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పదిమందిలో బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది ఆయనకు.

సూపర్‌వైజరు వచ్చి చుట్టూ చూసింది. మొదటిసారి వచ్చిన గది ఇదేనా అన్నట్టు మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి బోర్డు చూసి వచ్చింది.

"నేను మీ మనుషుల్ని తప్పుపట్టట్లేదమ్మా," అంది భార్య. "వాళ్ళు చెప్పింది చేశారు. మీరు చూసి కూడా ఇలా ఎలా రాశారనే అడుగుతున్నా. నా తమ్ముడికి ఈ దగ్గు ఈనాటిది కాదు."

"నేను అడిగానమ్మా. దగ్గు, ఆయాసం ఎవరికైనా ఉందా అని అడక్కుండా మేం ప్లాన్ వెయ్యం." ఆమె మేస్త్రి వైపు చూడలేదు. చూడకపోవడంలో మర్యాద ఉంది. "ఎవరికీ లేదన్నారు."

"ఎవరన్నారు?"

ఎవరూ పలకలేదు. మైనం అక్క చేతిలో మైనం ముద్ద పిసుకుతోంది. చెప్పాల్సిన మనిషి చెప్పడానికి ఆ గదిలో అంత చోటు దొరికింది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

భార్య మొగుడి వైపు తిరగలేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు లేవా అప్పుడు?"

"ఉన్నానక్కా."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఆ గుమ్మంలో."

"మరి ఎందుకు దగ్గలేదురా?"

ఊపిరితిత్తులు పాడైన మనిషిని ఎవరూ అడగని ప్రశ్న. అతను కాసేపు ఆలోచించాడు. జవాబు తెలియక కాదు. బావ ముందు చెప్పాల్సి వచ్చినందుకు.

"బావ లేదని చెప్పేశాడు కదక్కా. అప్పుడు దగ్గితే ఏం బాగుంటుంది?"

ఆవిడ పెంచిన పెంపకమే అది. బావ మాట తీసేయకు, బావకు తల వంపులు తేకు అని చిన్నప్పటినుంచి నూరిపోసింది ఆవిడే. అది ఆవిడకూ తెలిసింది. గోడకు ఆనుకుని నిలబడింది. చీరకు తెల్లగా అంటుకుంది. దులుపుకోలేదు.

"ఆ కొట్టు కూడా చూడాలమ్మా," అంది సూపర్‌వైజరు మెల్లగా. "అప్పుడు తాళంచెవి దొరకలేదు."

"తాళంచెవి పోయిందా?" భార్య అప్పుడు చూసింది మొగుడి వైపు. "ఎప్పుడు పోయింది? రోజూ రాత్రి చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు నేనే కదా తీసి పెడుతున్నా."

మేస్త్రి జేబులోంచి తాళంచెవి తీశాడు. తానే వెళ్ళి తలుపు తీశాడు. ఆ రోజు ఎత్తిపోసిన బస్తాలు అలాగే ఉన్నాయి. ఒకటి పక్కకు ఒరిగి మూతి విప్పుకుంది. నేలంతా పొడి పరుచుకుని ఉంది. సూపర్‌వైజరు వాటిని చూసింది. ఇటు తిరిగి మేస్త్రిని చూసింది. ఆమెకు అర్థమైంది. తుడిచారా అని ఆ రోజే అడిగాను కదా సార్ అనొచ్చు. అనలేదు. మాస్క్ తీసి పెట్టుకుని, బస్తాలు ఎన్నున్నాయో చూసి రాసుకుంది. ఆ మాట అని ఉంటే మేస్త్రి ఏదో ఒక జవాబు చెప్పుకుని బతికేవాడు.

తర్వాత ప్లాన్ మాటలు జరిగాయి. సన్న పొడి పట్టే మిషను వారం వారం. పైకప్పు నుంచి కిందికి, ముందు పైన, చివర నేల. పొడి చీపురు ఇక ముట్టుకోకూడదు. చక్రం వెనక గూటికి గాలి లాగే గొట్టం పెట్టించుకోవాలి. మేస్త్రి ప్రతిదానికీ "పెట్టండి" అన్నాడు. అడగనివాటికి కూడా పెట్టండి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడు ఎప్పుడూ ఎక్కువే పట్టుకుంటాడు.

అన్నీ అయ్యాక బావమరిది కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, నువ్వు బాగా కోలుకో. తొందర లేదు. నువ్వు వచ్చేసరికి గది గదిలా ఉంటుంది."

"ఉంటుంది బావా. మంచి ప్లానే వేశారు." అతను నిజంగానే మెచ్చుకున్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "వచ్చేవాడికి బాగుంటుంది."

"వచ్చేవాడెవడ్రా? నువ్వే కదా."

"డాక్టరు వద్దన్నాడు బావా. ఇక ఏ పొడీ వద్దన్నాడు. పోయింది పోయిందే, ఉన్నది కాపాడుకో అన్నాడు. మా స్నేహితుడు తన పుస్తకాల కొట్టులో కూర్చోమంటున్నాడు. కూర్చునే పనే." కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "ఆ మొన్నటి సెట్టు, పెద్దావిడది, అంచు కొంచెం మిగిలింది. ఎవరైనా చూడండి. గుచ్చుకుంటుంది ఆవిడకు."

మేస్త్రి చూస్తానన్నాడు. ఇక ఆ చక్రం ముందు కూర్చునేది తానేనని అప్పుడే తెలిసింది ఆయనకు. ఇంకొకరి కొడుకును పిలిచి కూర్చోబెట్టే ముఖం లేదు.

భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుని లేవబోయింది. సూపర్‌వైజరు అట్ట చంకన పెట్టుకోబోతూ ఆగింది.

"చివరగా ఒక్క మాట సార్. మేం చూడని చోటు ఇంకేమైనా ఉందా?"

"లేదు," అన్నాడు మేస్త్రి.

అది నిజం. నిజంగానే ఇంకేమీ లేదు. ఆ గదుల్లో ఆయన దాచింది ఇక ఏదీ మిగల్లేదు. కానీ ఆమె కలం కదల్లేదు. కాసేపు ఆయన ముఖం చూసి, భార్య వైపు తిరిగింది. అడగడానికి మొహమాటపడుతోంది. అడగకుండా వెళ్ళలేకపోతోంది.

"రండమ్మా, నేను చూపిస్తా," అంది భార్య. తమ్ముణ్ణి మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆడవాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. ముందు అల్మరాలు తీశారు. తర్వాత బల్లల సొరుగులు. తర్వాత మేస్త్రి సొంత సొరుగు. భార్య ఒక్కొక్కటే లాగి తెరిచి పక్కకు తప్పుకుంటోంది. సూపర్‌వైజరు వంగి చూసి, తల ఊపి, రాసుకుంటోంది. దేని గురించీ ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. మేస్త్రి తన ల్యాబు గుమ్మంలో, బావమరిది కుర్చీ పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

బావమరిదికి దగ్గు వచ్చింది. ఈసారి ఆపుకోలేదు.